ఆరోగ్యమిత్ర ఎవరి మనిషి?

ఆసుపత్రిలో మందు ఇవ్వని, సూది వేయని, కట్టు కట్టని ఉద్యోగులు చాలామందే ఉంటారు. ఓపీ చీటీ రాసేవారు, స్ట్రెచర్ తోసే ఎంఎన్‌ఓలు, వార్డు గుమ్మంలో నిలబడే సెక్యూరిటీవాళ్లు, హెచ్‌ఐవీ పరీక్షల గదిలో కూర్చునే కౌన్సిలర్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో పీఆర్‌ఓలు. ఇలాంటి ఉద్యోగుల్లో ఒక్కరికే పేరులో "మిత్ర" ఉంది. 2007 నుంచి తెలుగునాట ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ కౌంటర్ వెనుక కూర్చుంటున్న ఆరోగ్యమిత్ర గురించే ఈ సమీక్ష.

ఈ ఉద్యోగం చుట్టూ తగువులు పేరుకుపోయాయి. నర్సింగు చదివినవారికే ఇవ్వాలని కొందరు, సాధారణ డిగ్రీ చాలని మరికొందరు. పర్మినెంటు చేయాలని ఉద్యోగులు, ఏజెన్సీ ద్వారానే నడపాలని అధికారులు. ఫోనులో యాప్ ఉండగా మనిషెందుకని ఇంకొందరు. విడివిడిగా వింటే ఇవి వేర్వేరు తగువులు. దగ్గర పెట్టి చూస్తే అన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒక్కటే: మిత్ర ఎవరి మనిషి? రోగి మనిషా, ఆసుపత్రి మనిషా, డబ్బు చెల్లించే ఆరోగ్యశ్రీ ట్రస్టు మనిషా? అది తేలకుండా మిగతావి తేలవని ఈ చర్చ చరిత్రే చెబుతోంది.

కౌంటర్ దగ్గర ఏం జరుగుతుంది

వాదాల్లోకి వెళ్లేముందు పని ఏమిటో చూడాలి. రోగి రాగానే మిత్ర అడిగే మొదటి మాట ఎక్కడ నొప్పి అని కాదు, కార్డు ఉందా అని. బియ్యం కార్డులోనో ఆరోగ్యశ్రీ కార్డులోనో రోగి పేరు ఉండాలి. ఆధార్‌లో పేరు దానితో కలవాలి. ఫొటో తీయాలి, వేలిముద్ర పడాలి. తరువాత ఆసుపత్రి తరఫు వైద్య సమన్వయకర్త (కౌంటర్ భాషలో "మెడ్కో") రోగ నిర్ధారణ పత్రాలు, స్కాన్లు జతచేస్తారు. అవి ట్రస్టుకు వెళ్తాయి. అక్కడి డాక్టర్లు చూసి అనుమతిస్తారు. దీన్నే అందరూ "ప్రీ ఆథ్" అంటారు, రోగి బంధువులు "అప్రూవల్" అంటారు. ప్రాణం మీదికి వచ్చిన కేసయితే ఫోనులో చెప్పి ముందు వైద్యం మొదలుపెట్టవచ్చు.

అక్కడితో అయిపోదు. మిత్ర వార్డులు తిరగాలి. భోజనం పెడుతున్నారా, మందులు బయట కొనమన్నారా, ఎవరైనా డబ్బు అడిగారా అని కనుక్కోవాలి. డిశ్చార్జి రోజు రోగి సంతకం, అభిప్రాయం తీసుకోవాలి. ప్యాకేజీ ప్రకారం దారి ఖర్చు చేతికి అందిందా, ఇంటికి పట్టుకెళ్లే మందులు ఇచ్చారా అని చూడాలి. కొన్ని జబ్బులకు ఆ తరువాత ఫాలోఅప్ కూడా ఉంటుంది. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పాలి.

కాగితం మీద ఇది వరసగా సాగే పని. కౌంటర్ దగ్గర అలా సాగదు. కోడలు పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోయి ఉంటుంది. వేరుపడిన కొడుకు కార్డు విడదీయించుకుని ఉంటాడు, తల్లి పేరు రెండింటిలోనూ ఉండదు. హైదరాబాద్ పనికి వెళ్లి అక్కడ కార్డు తీసుకున్నవారికి ఆంధ్రప్రదేశ్‌లో కుదరదు. మిరపకోతల్లో, పత్తితీతల్లో అరిగిన వేళ్లకు వేలిముద్ర ఒక్కోసారి పడదు. "కార్డు మా పెద్దోడి దగ్గరుందయ్యా, వాడు మాచర్లలో ఉన్నాడు" అనే మాటకు సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు. ఆ మాట విని, పెద్దకొడుక్కి ఫోను చేసి, కార్డు ఫొటో వాట్సాప్‌లో తెప్పించి, ఈలోగా రోగిని ఏ బెంచీ మీద కూర్చోబెట్టాలో చూసేది మనిషే. ఆ పనికి ఉద్యోగ వివరణలో పేరు లేదు. మిత్ర అనే మాటకు అర్థం మాత్రం అక్కడే ఉంది.

పుట్టుకలోనే రెండు ముఖాలు

వైద్యం చేయకుండా రోగికి అండగా నిలిచే ఉద్యోగం మనతో మొదలవలేదు. 1895లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రి మేరీ స్టీవర్ట్ అనే మహిళను ఆల్మనర్‌గా నియమించింది. ఆమెకు అప్పగించిన మొదటి పని రోగుల కన్నీళ్లు తుడవడం కాదు. డబ్బు ఇచ్చుకోగలిగినవారు ఉచిత వైద్యం కోసం క్యూలో నిలబడుతున్నారా అని తనిఖీ చేయడం. ఆ తనిఖీలో పేదల బతుకులు కళ్లారా చూశాక సాయం చేయడం కూడా ఆ ఉద్యోగంలో భాగమైంది. అంటే ఈ ఉద్యోగం పుట్టినప్పుడే ఒక చేతిలో తాళం, మరో చేతిలో దీపం ఉన్నాయి.

1905లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ రిచర్డ్ క్యాబట్ మరో దారి తెరిచారు. రాసిచ్చిన మందు, చెప్పిన పథ్యం ఇంటి పరిస్థితి అనుకూలించకపోతే వృథా అని ఆయన గమనించారు. అందుకే ఇల్లు, తిండి, పని గురించి వాకబు చేసే సామాజిక కార్యకర్తలను ఆసుపత్రిలోకి తెచ్చారు. అయిడా క్యానన్ ఆ విభాగాన్ని దశాబ్దాల పాటు నడిపి ఒక వృత్తిగా నిలబెట్టారు. మొదట్లో ఆసుపత్రి వారికి జీతమివ్వలేదు, డబ్బు క్యాబట్ సమకూర్చారు. జీతం ఎవరిస్తారన్న ప్రశ్న అప్పటి నుంచే ఈ ఉద్యోగాన్ని వెంటాడుతోంది.

మన దేశంలో 1936లో బొంబాయిలో దొరాబ్జీ టాటా పేరిట సామాజిక సేవా విద్యాలయం మొదలైంది. అదే నేటి టిస్. 1946లో బొంబాయి జేజే ఆసుపత్రిలో తొలి మెడికల్ సోషల్ వర్కర్‌ను నియమించారు. గుంటూరు సీమలో ఆధునిక వైద్యానికి ఒక గుమ్మం మిషన్ ఆసుపత్రి. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ స్త్రీల కోసం ఆసుపత్రి కట్టారు. అది 1898లో తెరుచుకుంది. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో మంచం పక్కన కూర్చుని రోగితో మాట్లాడే పని బైబిల్ స్త్రీలది. వారి మాట ఓదార్పు. వారు లెక్క చెప్పవలసింది మాత్రం మిషన్‌కు. ఇక్కడా రెండు ముఖాలే.

1990లో న్యూయార్క్ హార్లెం ఆసుపత్రిలో డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ "పేషెంట్ నావిగేషన్" ప్రారంభించారు. రొమ్ము క్యాన్సర్ అనుమానం వచ్చిన దగ్గర నుంచి వైద్యం పూర్తయ్యేదాకా పేద రోగి చేయి పట్టుకుని నడిపించే మనిషిని పెట్టడమే ఆ ఆలోచన. తెలుగునాట ఆరోగ్యమిత్ర పుట్టినప్పటికి ప్రపంచంలో ఈ రెండు నమూనాలూ ఉన్నాయి: గేటు దగ్గర తనిఖీ చేసే ఆల్మనర్, దారి చూపే నావిగేటర్. మన పథకం రెంటినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టింది.

2007 తరువాత

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెల్ల రేషన్ కార్డున్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేల రూపాయల మేరకు నగదు లేని వైద్యం. మొదట స్టార్ హెల్త్ బీమా సంస్థ నడిపింది. 2008 జూలై నాటికి పథకం రాష్ట్రమంతా విస్తరించింది. ఆ దశలో చేర్చిన మరిన్ని చికిత్సలను ప్రభుత్వ ట్రస్టే నేరుగా నిర్వహించింది. కాలక్రమంలో బీమా సంస్థ తప్పుకుంది, మొత్తం ట్రస్టు చేతికి వచ్చింది.

తొలి రూపంలో మిత్రలు రెండు చోట్ల ఉండేవారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకరు, పథకంలో చేరిన (నెట్‌వర్క్) ఆసుపత్రిలో ఒకరు. ఊళ్లోని మిత్ర రోగిని గుర్తించి, ఎక్కడికి వెళ్లాలో చెప్పి పంపితే, పట్నంలోని మిత్ర అందుకోవాలి. ఈ వంతెనకు రెండు కొసలూ ఉండాలన్నది అసలు ఊహ. ఊరి కొస క్రమంగా పలచబడింది. పట్నం కొస కంప్యూటరుకు అతుక్కుపోయింది.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో పథకం ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, మిత్ర "వైద్యమిత్ర" అయ్యారు, పరిమితి రెండున్నర లక్షలైంది. 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీగా మారి, ఏడాది ఆదాయం 5 లక్షల లోపున్న కుటుంబాలకూ వర్తించింది. చికిత్సల సంఖ్య మూడు వేలు దాటింది. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు చేరింది. 2024 తరువాత మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఈలోగా 2018 సెప్టెంబరు 23న కేంద్రం ఆయుష్మాన్ భారత్ ప్రారంభించి, "ప్రధానమంత్రి ఆరోగ్య మిత్ర" పేరుతో ఆ పథకంలో చేరిన రాష్ట్రాల్లో ఇదే ఉద్యోగాన్ని సృష్టించింది. తెలుగునాట పుట్టిన మాట దేశానికి వెళ్లింది. తగువు కూడా వెంట వెళ్లింది.

పల్నాడు నుంచి చూస్తే

ఈ తగువును సచివాలయం నుంచి చూడటం వేరు, పల్నాటి బస్టాండు నుంచి చూడటం వేరు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. అమరేశ్వరాలయం ఉన్న పాత అమరావతి ఈ జిల్లాలో చేరింది. అదే పేరున్న రాజధాని ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. మంగళగిరి ఎయిమ్స్, ప్రజలు పెద్దాసుపత్రి అని పిలిచే గుంటూరు జీజీహెచ్, కొత్తపేటలో వరసగా ఉన్న ప్రైవేటు ఆసుపత్రులు అన్నీ ఆ జిల్లాలోనే. జిల్లా గీత మారినా అమరావతి రోగి దారి మారలేదు. గుండె అయినా, క్యాన్సరయినా గుంటూరు బస్సు ఎక్కాల్సిందే.

అమరావతి నుంచి గుంటూరు ముప్పై ముప్పై అయిదు కిలోమీటర్లు. మాచర్ల నుంచి నూరు దాటుతుంది. నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఆసుపత్రులకు కొదవ లేదు. కానీ పెద్ద జబ్బు అనగానే ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్పే పేరే తొలి రిఫరల్. ఆ ఆర్‌ఎంపీకి, ఆసుపత్రి పీఆర్‌ఓకి మధ్య నడిచే కమిషన్ వ్యవహారం అందరికీ తెలిసిందే. ఊరి కొసన మిత్ర లేని ఖాళీని ఎవరు నింపారో ఇక్కడ కనిపిస్తుంది. రోగికి దారి చూపే మనిషి ఎప్పుడూ ఉంటాడు. అతని ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నదే తేడా.

ఆ ఖాళీని ప్రభుత్వం గమనించలేదని కాదు. 2023 ఏప్రిల్ 6న ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమాన్ని ఈ జిల్లాలోని లింగంగుంట్లలోనే ప్రారంభించారు. ఊరి క్లినిక్‌కు డాక్టరు వచ్చి చూసి, అవసరమైతే పై ఆసుపత్రికి పంపడం దాని ఉద్దేశం. పంపే ఏర్పాటు ఉంది. పంపిన మనిషి అక్కడ ఎవరి చేతికి చేరాడో చూసే ఏర్పాటు ఎంత గట్టిదన్నదే చర్చ.

నాలుగు వాదాలు

మొదటిది రోగి పక్షవాదం. మిత్ర అంటే రోగి తరఫున మాట్లాడే మనిషి అని దీని మాట. ఆసుపత్రిలో రోగికి తెలిసింది తక్కువ, భయం ఎక్కువ. డాక్టరును ప్రశ్నించే ధైర్యం ఉండదు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం తయారు చేసింది, మరుసటి ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖ దాని ఆధారంగా రోగుల హక్కుల పత్రాన్ని రాష్ట్రాలకు పంపింది. గోడకు అతికించిన హక్కు దానంతటది పనిచేయదు, చదివి చెప్పే మనిషి కావాలని ఈ పక్షం అంటుంది. దీని బలం నైతికం. బలహీనత అధికారం. తనిఖీ చేసి, తప్పు రాసి పంపే హక్కు తప్ప, ఆపే హక్కు మిత్రకు లేదు.

రెండోది ఖజానా కాపలా వాదం. ప్రజాధనం వందల ఆసుపత్రులకు ప్రవహిస్తున్నప్పుడు ప్రతి గేటు దగ్గర ట్రస్టుకు ఒక కన్ను ఉండాలి. లేని రోగికి బిల్లు, అక్కర్లేని ఆపరేషన్, రోగి దగ్గర విడిగా వసూలు చేసే డబ్బు ఇవన్నీ మొదట కనిపించేది కౌంటర్ దగ్గరే. ఈ వాదానికి చరిత్రలో బలమైన సాక్ష్యముంది. పథకం తొలి ఏళ్లలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు విచ్చలవిడిగా జరుగుతున్నాయని పరిశోధకులు, మహిళా సంఘాలు గొంతెత్తాయి. ప్రభుత్వం ఆ శస్త్రచికిత్సలకు కళ్లెం వేసింది. తరువాత 133 చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే కేటాయించింది. అయితే అదే ఉదాహరణ ఈ వాదానికి ఎదురు కూడా తిరుగుతుంది. ప్రతి కేసూ మిత్ర కంప్యూటరు మీదుగానే వెళ్లింది కదా? గుట్టు బయటపెట్టింది మాత్రం బయటివారు. కన్ను ఉంటే చాలదు, చూసింది చెప్పే నోరు, చెబితే వినే చెవి కూడా ఉండాలి.

మూడోది ఆసుపత్రి సేవావాదం. ఆసుపత్రి యాజమాన్యాల దృష్టిలో ఇది రోగి సంతృప్తికి సంబంధించిన పని. క్యూ తగ్గించడం, పత్రాలు సరిచూడటం, మంచం త్వరగా ఖాళీ కావడం. ప్రైవేటు ఆసుపత్రుల పేషెంట్ కేర్ సిబ్బంది, బీమా డెస్కులు ఈ కోవలోవే. పని చురుగ్గా సాగాలంటే సిబ్బంది తమ అదుపులో ఉండాలని వారంటారు. వారికి ఇంకో బాధ కూడా ఉంది. బిల్లుల బకాయిలు పేరుకుపోయి, స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం సేవలు ఆపేస్తామని ప్రకటించిన సందర్భాలు రాష్ట్రంలో ఒకటికి మించి ఉన్నాయి. ఆ రోజుల్లో కౌంటర్ దగ్గర రోగి కోపం చవిచూసేది ట్రస్టు అధికారీ కాదు, ఆసుపత్రి యజమానీ కాదు. అడకత్తెరలో పోకచెక్కలా మిత్రే.

నాలుగోది యంత్రవాదం. ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు, క్యూఆర్ స్కాన్‌తో ఓపీ చీటీ, ఆధార్ ధ్రువీకరణ, ఫోనులోనే పథకం వివరాలు ఉన్నప్పుడు మధ్యలో మనిషి ఎందుకన్నది దీని ప్రశ్న. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాట్సాప్‌లో పౌర సేవలు ప్రారంభించి "మన మిత్ర" అని పేరు పెట్టింది. మిత్ర అన్న మాట మనిషి నుంచి ఫోను నంబరుకు మారడం ఈ వాదానికి దొరికిన చక్కని గుర్తు. యంత్రం లంచం అడగదు, అలసిపోదు, రాత్రి రెండు గంటలకైనా ఒకేలా జవాబిస్తుంది. ఇది తోసిపుచ్చలేని మేలు. కానీ పెద్దకొడుకు దగ్గర ఉండిపోయిన కార్డు సంగతి దానికి చెప్పాలంటే ముందు ఏ గడిలో చెప్పాలో తెలియాలి. ఫోను సరిగా వాడగల రోగికి అది మేలు. వాడలేని రోగికి ఇంకో గుమ్మం.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే

- రోగి పక్షవాదం: మిత్ర రోగి తరఫు గొంతు. కొలమానం, రోగికి హక్కుగా రావలసింది వచ్చిందా అన్నది. లోపం, అధికారం లేదు.
- ఖజానా కాపలా వాదం: మిత్ర ట్రస్టు కన్ను. కొలమానం, అక్రమ బిల్లులు ఎన్ని ఆగాయన్నది. లోపం, రోగినే అనుమానించే అలవాటు వస్తుంది.
- ఆసుపత్రి సేవావాదం: మిత్ర ఆసుపత్రి ముఖం. కొలమానం, పని ఎంత త్వరగా తెమిలిందన్నది. లోపం, ఆసుపత్రి తప్పు చేస్తే నోరు పెగలదు.
- యంత్రవాదం: మిత్ర ఒక తాత్కాలిక ఏర్పాటు. కొలమానం, ఎంతమంది మనిషి సాయం లేకుండా పని చక్కబెట్టుకున్నారన్నది. లోపం, చదువు లేనివారు, వృద్ధులు అంచుకు నెట్టుకుపోతారు.

ఈ నాలుగింటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. చిక్కల్లా ఒకే మనిషి మీద నాలుగు కొలమానాలు పెట్టి, వాటిలో లెక్కించడానికి వీలైనవి మాత్రమే లెక్కించడం. ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎన్ని ప్రీ ఆథ్‌లు పంపారన్నది రోజూ తెర మీద కనిపిస్తుంది. ఎంతమంది భయం తీర్చారన్న వరస ఏ నివేదికలోనూ ఉండదు.

అర్హత తగువు, జీతం తగువు

ఎవరిని నియమించాలన్న తగువు పై ప్రశ్నకు నీడ మాత్రమే. నర్సింగు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ చదివినవారు కావాలనేవారు మిత్రను కాపలాదారుగా చూస్తున్నారు. వైద్యపత్రం చదివి అర్థం చేసుకోగలవారే తప్పు పట్టగలరు కనుక. సాధారణ డిగ్రీ, సామాజిక సేవా చదువు, ఊరి అనుభవం చాలనేవారు మిత్రను తోడుగా చూస్తున్నారు. నర్సింగు చదివిన మనిషిని కౌంటర్‌లో కూర్చోబెట్టి, అదే ఆసుపత్రి వార్డులో నర్సులు చాలరనడం విడ్డూరమన్న విమర్శ కూడా ఉంది. దానికి గట్టి జవాబు ఇంతవరకూ రాలేదు.

ఇక్కడ అదే ఆసుపత్రిలోని మరో రెండు ఉద్యోగాలతో పోల్చి చూడటం ఉపయోగం. హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలోని కౌన్సిలర్ పని స్పష్టం: పరీక్షకు ముందూ తరువాతా మాట్లాడటం, రహస్యం కాపాడటం. అతను ఎవరి మనిషన్న అనుమానం రోగికి రాదు. అవయవ మార్పిడి సమన్వయకర్తది చట్టబద్ధమైన స్థానం. 2011లో సవరించిన చట్టం ప్రకారం సమన్వయకర్త లేని ఆసుపత్రికి మార్పిడి చేసే రిజిస్ట్రేషనే రాదు. ఆ ఇద్దరికీ ఉన్నవి, మిత్రకు లేనివి రెండు: ఒకే విధి, దాన్ని నిలబెట్టే నియమం.

జీతం సంగతి మరింత సూటిగా చెబుతుంది. మిత్రను పంపేది ట్రస్టు. జీతం చాలాకాలంగా ఏజెన్సీల మీదుగా వస్తోంది. కౌంటరు, కంప్యూటరు, ఇంటర్నెట్టు ఇవ్వవలసింది ఆసుపత్రి. అంటే జీతం ఒకరిది, కుర్చీ మరొకరిది, పేరు మాత్రం రోగిది. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూసే మనిషి, తాను కూర్చున్న కుర్చీ యజమాని మీద ఫిర్యాదు రాయాలంటే ఎంత ధైర్యం కావాలో ఊహించవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ మిత్రలు ఉద్యోగ భద్రత, వేతనాల కోసం పలుమార్లు రోడ్డెక్కారు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016లో సుప్రీంకోర్టు జగ్జీత్ సింగ్ కేసులో చెప్పిన మాటను ఉద్యోగ సంఘాలు తరచూ ఎత్తి చూపుతాయి. భద్రత ఇస్తే బద్ధకం వస్తుందన్నది ఎదుటి వాదం. అయితే ఇక్కడ భద్రత ఉద్యోగి సుఖానికి మాత్రమే కాదు, రోగి తరఫున నోరు విప్పగలగడానికి కూడా. ఆ కోణం చర్చలో తక్కువగా వినిపిస్తోంది.

ఇతర చోట్ల ఏం తేలింది

హార్లెంలో ఉచిత పరీక్షలకు నావిగేటర్లు తోడైన తరువాత, రొమ్ము క్యాన్సర్ రోగుల్లో అయిదేళ్లు బతికి ఉన్నవారు 39 శాతం నుంచి 70 శాతానికి పెరిగారని ఫ్రీమన్ బృందం ప్రకటించింది. ఈ ఫలితంలో పరీక్షల వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. అయినా మనిషి తోడు ఒక మర్యాద మాత్రమే కాదు, వైద్య ఫలితాన్నే మార్చగలదన్న నమ్మకం దీనితో బలపడింది. 2024 నుంచి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ తీవ్ర జబ్బులున్నవారికి నావిగేషన్ సేవకు విడిగా రుసుము చెల్లిస్తోంది.

ఇంగ్లండ్ అనుభవం మరో వైపు చూపుతుంది. అక్కడ 1974 నుంచి రోగుల తరఫున మాట్లాడే కమ్యూనిటీ హెల్త్ కౌన్సిళ్లు ఆసుపత్రులకు బయట ఉండేవి. 2002లో ఆసుపత్రుల లోపలే సలహా, సంప్రదింపుల సేవ మొదలైంది. మరుసటి ఏడాది కౌన్సిళ్లు రద్దయ్యాయి. సమస్య చేతికి అందేంత దగ్గరగా పరిష్కారమవుతోందని మెచ్చినవారున్నారు. ఆసుపత్రి జీతం తీసుకునేవారు ఆసుపత్రిని ఎలా నిలదీస్తారని అడిగినవారూ ఉన్నారు. దగ్గరతనం, స్వతంత్రత ఒకదానితో ఒకటి పోట్లాడతాయని ఆ దేశం నేర్చుకుంది. మన కౌంటరులో ఆ పోట్లాట 2007 నుంచి సాగుతూనే ఉంది.

మన పథకం మీద వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఖర్చు లెక్కలే. కుటుంబం చేతి డబ్బు ఎంత తగ్గింది, ప్రైవేటుకు ఎంత వెళ్లింది, ప్రాథమిక వైద్యం నిర్లక్ష్యమైందా అన్నవి. అవన్నీ అవసరమైన ప్రశ్నలే. మిత్ర ఉన్న కౌంటరుకూ, మిత్ర పని సరిగా సాగని కౌంటరుకూ రోగి పరంగా తేడా ఎంత అన్న ప్రశ్న మాత్రం వాటి అంచున మిగిలిపోయింది.

తేలనివి

ఒకటి, డబ్బు ఎవరిదన్న ప్రశ్న మళ్లీ తెరుచుకుంది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం బీమా, ట్రస్టు కలగలిపిన కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల దాకా బీమా సంస్థ, ఆపైన ట్రస్టు. 2007లో బీమా సంస్థతో మొదలై ట్రస్టుకు మారిన బండి సగం వెనక్కి తిరిగినట్టు. అప్పుడు కౌంటరులో కూర్చునే మిత్ర బీమా సంస్థ తరఫున చూడాలా, ట్రస్టు తరఫునా? రెండున్నర లక్షల గీత దాటిన రోజు ఆ మనిషి యజమాని కూడా మారతాడా? ఈ ప్రశ్నకు జవాబు ముందే రాసి పెట్టుకోకపోతే, అది రోగి మంచం పక్కన తేల్చుకోవలసి వస్తుంది.

రెండు, ఊరి కొస. మాచర్ల, గురజాల వైపు నుంచి వచ్చే రోగికి గుంటూరులో మిత్ర దొరికినంత మాత్రాన చాలదు. బయల్దేరేముందే కార్డు, ఆధార్, పాత రిపోర్టులు సరిచూసి పంపే మనిషి కావాలి. ఆ పని ఏఎన్‌ఎందా, ఆశాదా, సచివాలయ ఉద్యోగిదా అన్నది ఇప్పటికీ ఎవరి కుంపటి వారిదే అన్నట్టుంది.

మూడు, కొలమానం. కేసుల సంఖ్య కాకుండా, అనుమతి రాక వెనుదిరిగిన రోగులెందరు, ఎందుకు తిరిగారు, తరువాత ఏమయ్యారన్నది లెక్కపెడితే మిత్ర ఉద్యోగానికి అసలైన కొలత దొరుకుతుంది. ఇప్పుడు తెర మీద కనబడేది లోపలికి వచ్చినవారి లెక్క.

నాలుగు, విభజన. తనిఖీ, తోడు అనే రెండు పనుల్ని ఒకే మనిషి దగ్గర ఉంచాలా? పత్రాల తనిఖీని యంత్రానికి, ట్రస్టు డాక్టర్లకు వదిలి, మిత్రను పూర్తిగా రోగి వైపు నిలబెట్టవచ్చునన్నది ఒక దారి. యంత్రవాదమూ రోగి పక్షవాదమూ చేతులు కలిపే చోటు ఇదొక్కటే. అయితే తనిఖీ తీసేస్తే ఉద్యోగమే అక్కర్లేదని ఆర్థిక శాఖ అనవచ్చు. ఆల్మనర్ నుంచి మిత్ర దాకా, తోడుకు జీతం వచ్చింది ఎప్పుడూ తనిఖీ పుణ్యానే.

మంచి మనుషులు మూడు వైపులకూ లాగబడుతూ కూడా ఇప్పటిదాకా ఈ ఉద్యోగాన్ని నడిపారు. అంత మాత్రాన ఏర్పాటు సరిగా ఉందని కాదు. పథకం పేర్లు ఎన్నిసార్లు మారినా "మిత్ర" అన్న మాట మాత్రం పోలేదు. ఆ మాట నిలవాలంటే నియామక పత్రంలో ఒక వాక్యం చాలు: ఆసుపత్రికీ రోగికీ మధ్య తగువు వచ్చినప్పుడు ఈ ఉద్యోగి ఎవరి పక్కన నిలబడాలి, నిలబడితే అతని కొలువును ఎవరు కాపాడతారు. అర్హత, జీతం, యాప్ మీద తగువులు ఆ వాక్యం రాశాక మొదలుపెట్టవలసినవి.